మూడు రంధ్రాల వెనుక స్వే బార్ గారికి

మలుపుల్లో బండి పక్కకు ఒరగకుండా వెనుక చక్రాలు రెంటినీ కలిపి పట్టే ఉక్కు కడ్డీ, మహారాజశ్రీ అడ్జస్టబుల్ వెనుక స్వే బార్ గారి దివ్యసముఖానికి, తిరుపతి నుంచి ఒక పాత రెండు తలుపుల స్పోర్ట్స్ కారు యజమాని నమస్కరించి వ్రాయునది.

ఉభయ కుశలోపరి. ఇక్కడ నా నడుమూ మా అమ్మ తలా తప్ప తక్కినవన్నీ క్షేమం. నిన్న సాయంత్రం మా వీధి మొదట్లోని స్పీడ్ బ్రేకర్ మీద మీరు చూపిన ప్రతాపానికి ఆమె తల పక్క అద్దానికి ఠంగుమని కొట్టుకుంది. వెనకాలే వస్తున్న ఆటో అతను ఆగి మరీ, "సామీ, ఎటు తిప్పుతున్నారో ముందు మీరు తేల్చుకోండి" అని ఉపదేశించి వెళ్లాడు. న్యాయంగా ఆ ఉపదేశం మీకు చేరాలి. అందుకే ఈ లేఖ.

తమరిని ఎంచుకున్న వైభవం ముందు కాస్త గుర్తుచేస్తాను. కారుతో పాటు వచ్చిన పాత బార్ మందం 19 మిల్లీమీటర్లు. పాపం, నోరు లేనిది. ఒక్క రంధ్రం, ఒక్క మాట. తమరు 22. మూడు మిల్లీమీటర్లేగా అని లోకం అనుకుంటుంది. కానీ మెలితిప్పితే కడ్డీ ఎదురుతిరిగే బలం దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 22ని 19తో భాగించి నాలుగో ఘాతం కట్టండి, 1.8 దగ్గర తేలుతుంది. మూడు మిల్లీమీటర్లకు ఎనభై శాతం అదనపు పొగరు!

తమకు గొట్టం రకం తమ్ముడు ఒకాయన ఉన్నాడు. బయట కొలత అదే 22, గోడ మందం 3 మిల్లీమీటర్లు. బరువు మీలో సగం కూడా ఉండడు, గట్టిదనం మాత్రం 72 శాతం మిగుల్చుకుంటాడు. లెక్క తెలిసినవాడు కొనవలసింది ఆయన్నే. ఆయన ఎవరి దగ్గరా స్టాకులో ఉండడు. తమరు ఎప్పుడూ ఉంటారు. ఎందుకుంటారో ఇప్పుడు తెలుస్తోంది.

సముద్రాలు దాటి వచ్చారు కాబట్టి సుంకం కట్టాను. సుంకం కలిపిన మొత్తం మీద మళ్లీ పన్నూ కట్టాను. దాని గురించి పేచీ లేదు, దేశం నడవాలి. పేచీ ఆ పెట్టెలోని కాగితంతో. "బిగించడానికి రెండు గంటలు" అని అందులో అచ్చువేశారు. ఎవరి రెండు గంటలు? వెనుక చక్రాల అమరికను మోసే సబ్‌ఫ్రేమ్‌ను కిందికి దించితే తప్ప తమరు లోపలికి దూరలేరన్న సంగతి, శనివారం మధ్యాహ్నం కారు గుంత మీదికి ఎక్కాక, పాత బార్‌ను పట్టి ఉంచే రబ్బరు బుష్‌ల బోల్టులన్నీ ఊడాక తెలిసింది. రెండు చివర్లూ వంగిన తమ రూపాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మెకానిక్ అన్న, "అచ్చం నామంలా ఉంది సార్" అన్నాడు. ఎవరికి పెట్టారని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రోజు షెడ్డు మూసేసరికి ఆయన భోజనం డబ్బా ఇంకా విప్పకుండానే ఉంది.

పైగా తమకు మర్యాదలు ఎక్కువ. చక్రాలు గాలిలో వేలాడుతుండగా, తమను చక్రాలకు కలిపే లింకులు బిగించకూడదు. బండి తన బరువు మీద తాను నిలబడ్డాకే, రెండువైపులా లింకుల పొడవు సరిచూసి బిగించాలి. లేకపోతే తిన్నటి రోడ్డు మీద కూడా తమరు ఒక పక్కకు మెలితిరిగి కూర్చుంటారు. అందుకని మెకానిక్ అన్న గుంతలో మెడ వెనక్కి విరుచుకుని, కంట్లో మట్టి పడుతుంటే ఒంటి కన్నుతో పానా తిప్పాడు.

ఇక తమ చేతుల చివర లింకు తగిలించే ఆ మూడు రంధ్రాలు. కొసన ఉన్నది మెత్తన, లోపలిది గట్టిది, మధ్యది మధ్యస్థం. లోపలి రంధ్రంలో లింకు పెడితే చేయి పొట్టిదవుతుంది, తమను మెలితిప్పడానికి చక్రానికి పట్టు దొరకదు, తమరు మొండికేస్తారు. ఇంతవరకు బాగానే ఉంది. ఏ రంధ్రం నాకు తగినదో మాత్రం ఎవరూ చెప్పరు. చెన్నై మిత్రుడు గట్టిది పెట్టమంటాడు, అతను రేస్ ట్రాక్ మీద నడుపుతాడు. బెంగళూరు మిత్రుడు మెత్తనిది చాలంటాడు, అతను ట్రాఫిక్‌లో నిలబడి ఉంటాడు. మరో మేధావి ఎడమవైపు ఒక రంధ్రం, కుడివైపు ఇంకొకటి పెట్టుకుంటే నడుమ మరిన్ని మెట్లు దొరుకుతాయన్నాడు. నిజమే, దొరుకుతాయి. నిద్ర ఒక్కటే దొరకదు.

పోనీ, తమ విద్య ప్రదర్శించే చోటు లేదా అంటే, మా ఊరికి వంపులకు కొదవ లేదు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు కొండ దిగడానికి, తర్వాత వేసిన రెండోది ఎక్కడానికి. కానీ అలిపిరిలో బయలుదేరిన సమయం రాసుకుంటారు. గడువు కన్నా ముందే కొండ మీద తేలితే జరిమానా. త్వరగా చేరడమే నేరమైన రోడ్డు అది. గోవింద నామాలు చెప్పుకుంటూ బస్సుల్లో వెళ్లే జనం మధ్య ఆ నిబంధన ఉండవలసిందే, నాకు వ్యతిరేకత లేదు. మలుపుల్లో వేగం కోసమే పుట్టిన తమరు ఆ దారిలో బరువు తప్ప మరేమీ కారు, అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. స్పీడ్ బ్రేకర్లు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి కొలతల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. అలాంటిదాన్ని ఏ బండి అయినా సాఫీగా దాటుతుంది. మా వీధుల్లో ఉన్నవి అవి కావు. ఏ ఇంటి ముందు ఏ రాత్రి ఎవరు పోసుకున్నారో తెలియని సిమెంటు గట్లు. నా కారు కిందికి వంగి ఉంటుంది. తిన్నగా వెళితే పొట్ట గీసుకుంటుంది. కాబట్టి ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నే ఎక్కించాలి. ముందు కుడిది, తర్వాత ఎడమది, తర్వాత వెనుక కుడిది.

సరిగ్గా అక్కడ లేస్తారు తమరు! రెండు వెనుక చక్రాలూ కలిసి ఎక్కితే తమకు పనే లేదు, బుష్‌ల్లో నిశ్శబ్దంగా తిరిగి ఊరుకుంటారు. ఒకటి పైకి, ఒకటి కింద ఉన్నప్పుడే తమ పౌరుషం. కుడి చక్రం గట్టెక్కగానే ఎడమదాన్ని కూడా పైకి లాగుతారు. బండి మొత్తం ఒక్కసారి పక్కకు ఊగుతుంది. లోపల ఉన్నవాళ్లంతా చేయని తప్పుకు తల అడ్డంగా ఊపుతారు. అంటే కొండ మలుపులో నన్ను నిటారుగా నిలబెడతానని చెప్పి నా ఇంట్లో కాలుపెట్టిన నువ్వు, కిరాణా కొట్టుకు పోయే దారిలో నన్ను ఊయలలూపుతున్నావు! ఇంత డబ్బు పోసి కొన్నది దీనికా? పాలప్యాకెట్ పగలడానికా? రేణిగుంట రోడ్డులో తవ్వి పూడ్చిన ప్రతి చోటా నీ పేరు తలుచుకోవాలా? డెబ్బై ఏళ్ల మనిషి తల అద్దానికి కొట్టుకుంటే, "ఈ కారులో ఏదో విరిగిపోయినట్టుంది నాయనా" అని ఆమే నన్ను ఓదార్చింది. ఏదీ విరగలేదమ్మా, కొత్తగా కొని బిగించానని ఏ నోటితో చెప్పను?

క్షమించాలి, ఏకవచనం దొర్లింది.

ఒక్క సంగతి దాచడం ధర్మం కాదు. మొన్న తెల్లవారుజామున పీలేరు వెళుతూ భాకరాపేట ఘాట్ దాటాను. ఎదురుగా టమాటా లారీలు లేని సమయం. ముందు చక్రాలు నడిపే బండి కాబట్టి ఇదివరకు మలుపులో స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు బయటికే జారాలని చూసేది. ఆ రోజు అలా కాలేదు. బరువు వెనుక బయటి చక్రం మీద ఎక్కువగా పడి, వెనుక భాగం కాస్త పట్టు వదిలి, ముక్కు నేను చూసిన వైపే నెమ్మదిగా తిరిగింది. వేగమేమీ లేదు. పక్కన ఎవరూ లేరు కాబట్టి "అబ్బా" అని గట్టిగానే అన్నాను.

అందుకే తమను తూకానికి వేయడం లేదు. ప్రస్తుతం మధ్య రంధ్రంలో ఉండండి. కార్తీకంలో వాయుగుండం పట్టేలోపు కొస రంధ్రానికి దించుతాను, గొణగకండి. తడిరోడ్డు మీద మలుపు మధ్యలో బెదిరి యాక్సిలరేటర్ వదిలితే, గట్టి రంధ్రంలో కూర్చున్న తమరు బండి వెనుక భాగాన్ని ముందుకు పంపగల సమర్థులు. ఆ సామర్థ్యం నాకు అక్కర్లేదు.

నిన్నటి నుంచి ఎడమ బుష్ కిర్రుమంటోంది. గ్రీజు తెచ్చాను. ఆదివారం పొద్దున మెకానిక్ అన్న గుంత ఇస్తానన్నాడు, ఈసారి దిగేది నేనే. కంట్లో మట్టి రాల్చకండి.

ఇట్లు,
తమ యజమానిగా చలామణీ అవుతున్న విధేయుడు