పెన్నని రైలు కిటికీలోంచి చూస్తే సరిపోతాదా?

పడుగుపాడు దాటంగానే రైలు పెన్నా నది బ్రిడ్జి ఎక్కుతాది, అప్పటిదాకా ఫోన్లో మునిగిపోయిన జనం ఒక్క నిమిషం తలెత్తి చూస్తారు, పక్క సీట్లో పెద్దామె ఎవరన్నా ఉంటే చెంగు కొసన ముడేసుకున్న రూపాయి బిళ్ళ తీసి దణ్ణం పెట్టి కిటికీలోంచి విసురుతాది, నీళ్ళుంటే ఈ ఏడు నిండుగా ఉందే అంటాం, ఇసకే కనపడితే ఏమీ అనం, ఆలోపే నెల్లూరు స్టేషన్ వచ్చేస్తాది, బ్యాగులు దించుకునే హడావిడిలో పడిపోతాం. ఈ నెల్లూరు జిల్లాలో పుట్టి పెరిగినోళ్ళలో కూడా చాలామందికి పెన్నతో ఉన్న పరిచయం ఇంతే. మాకూ మొన్నమొన్నటిదాకా అంతే.

నాలుగు రోజులు సెలవొస్తే అరకు, ఊటీ, కొడైకెనాల్. అదేమన్నా తప్పా అంటే కాదు, పోండి, చల్లగా ఉంటాది. కానీ తిరిగొచ్చి 'మన నెల్లూరులో చూడ్డానికేముంది, సినిమా, చేపల పులుసు, అంతే కదా' అంటారు చూడండి, ఆ మాటకే మా అభ్యంతరం. పెన్న పుట్టింది కర్ణాటకలో, నంది కొండల్లో. 597 కిలోమీటర్లు నడిచి, అనంతపురం, కడప జిల్లాల్లో ఎండకి ఎండి, సోమశిల దగ్గర కొండలు దాటి మన పల్లంలోకి దిగుతాది, ఆడినుంచి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసేదాకా రెండు పక్కలా ఉన్న ఊళ్ళన్నీ ఆ నీళ్ళు కట్టిన ఊళ్ళే, ఆ కయ్యలన్నీ ఆ ఒండ్రు మీద పండే కయ్యలే. మొలగొలుకులు అనే బియ్యం పేరు చెన్నపట్నం దాకా పాకిందంటే ఈ మట్టి చలవే.

సంగంలో మొదలుపెడదాం. బీరాపేరు వచ్చి పెన్నలో కలిసే చోటు కాబట్టి ఊరికి ఆ పేరు, ఒడ్డునే సంగమేశ్వరుడి గుడి. ఆడ ఇంగ్లీషోళ్ళు 1880ల్లో ఆనకట్ట కట్టారు, అంతకు ముందే 1855 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒకటి కట్టారు, ఇప్పుడు రెండు చోట్లా కొత్త బ్యారేజీలు వచ్చినాయి, రెండూ 2022 సెప్టెంబర్లో ఒకే రోజు ఓపెన్ అయినాయి. దాంతో ఒకప్పుడు ఇసక తప్ప కనపడని చోట ఇప్పుడు నీళ్ళు నిలబడుతున్నాయి. సాయంత్రం పూట నెల్లూరు జనం బ్యారేజీ మీదకొచ్చి నిలబడి గాలి పీల్చుకుని సెల్ఫీ తీసుకుని పోతున్నారు. సంతోషమే. కానీ ఆ నీళ్ళు ఏ కాలవలో పడి ఎవరి కయ్యకి పోతున్నాయో పక్కన ఉన్న పిల్లోడు అడిగితే చెప్పడానికి ఒక బోర్డు లేకపోతే ఎట్టా?

కిందకొస్తే జొన్నవాడ. కామాక్షమ్మ గుడికి పోనోళ్ళు ఈ జిల్లాలో తక్కువ, బ్రహ్మోత్సవాల్లో కొడిముద్దల ప్రసాదం కోసం పిల్లల్లేని ఆడోళ్ళు యాడాడినుంచో వస్తారు. వచ్చినోళ్ళు దర్శనం చేసుకుని కారెక్కుతారే గానీ గుడి ఎనకాలే పెన్న ఉంది, రెండు అడుగులేస్తే చాలు. అవతల ఒడ్డు వైపు నరసింహకొండ, పొద్దున్నే ఎక్కితే పైనుంచి ఏరు, పచ్చటి కయ్యలు, మధ్యమధ్యలో కొబ్బరి చెట్లు, ఇంతదూరం పోయి కొండలెక్కే మనం ఈ చిన్న కొండ ఎందుకెక్కమో మాకు అర్థం కాదు. ఇక ఊళ్ళోకొస్తే రంగనాయకుల గుడి, 70 అడుగుల గాలిగోపురం. మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన భారతాన్ని ఈ ఒడ్డునే కూర్చుని రాశాడని పెద్దోళ్ళు చెప్తారు. నన్నయ సగంలో వదిలేసిన అరణ్యపర్వాన్ని తరవాతోళ్ళకి పెట్టి, విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు రాసిన మనిషి తిరిగిన ఏటి ఒడ్డు మనది. ఇంకో రాష్ట్రంలో అయితే ఈపాటికి టికెట్ పెట్టుండేవాళ్ళు (పెట్టమని కాదు మేం చెప్పేది).

అన్నిటికన్నా మాకు బాగా నచ్చింది పల్లిపాడు. ఇందుకూరుపేట మండలం, పెన్న ఒడ్డు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ (ఏఐసీసీ) మీటింగ్ అయిన వారానికే గాంధీ గారు ఇటొచ్చి ఏప్రిల్ 7న పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం మొదలుపెట్టారు. దక్షిణాఫ్రికాలో ఆయనకి తోడున్న పార్సీ రుస్తుంజీ ఇచ్చిన పదివేల రూపాయలతో మెయిన్ బిల్డింగ్ కట్టారు. పొద్దునపూట పోండి, జనం ఉండరు, చెట్ల కింద ఆకులు ఊడ్చే చప్పుడు తప్ప ఇంకేం వినపడదు, గడప దాటి ఏటి వైపు నడిస్తే కాళ్ళ కింద మెత్తటి ఇసక, దూరంగా గేదెలు, వాటి మీద తెల్లకొంగలు. సబర్మతికి ఫ్లైట్లో పోయొచ్చి ఫోటోలు పెట్టేవాళ్ళు మన ఊళ్ళోనే చాలామంది ఉన్నారు, వాళ్ళలో పల్లిపాడు చూసినోళ్ళు ఎంతమందో లెక్క తీస్తే నవ్వొస్తాది, ఏడుపూ వస్తాది.

ఇంకా తూర్పుకి పోతే మైపాడు బీచ్, అది అందరికీ తెలుసు, దాని గురించి రాయం. దానికి ముందు దాటే బకింగ్‌హామ్ కాలవ గురించి మాత్రం రాయాలి, ఎందుకంటే బైకు మీద దాటేవాళ్ళు అదేదో మురిక్కాలవ అనుకుంటున్నారు. బియ్యం, ఉప్పు, కట్టెలు పడవలకెక్కించి మద్రాసు పంపిన దారి అది. 1876-78 కరువులో కూలి పని కోసం వచ్చిన జనం చేతుల మీద కొంత భాగం తవ్వకం జరిగింది. 2004 సునామీ అప్పుడు సముద్రం లోపలికి తోసుకొస్తే చాలా చోట్ల ఈ కాలవే ఆ నీళ్ళని మింగి ఊళ్ళని కాపాడింది. ఇప్పుడు తూటుకాడ, పూడిక.

పెన్న ఒడ్డు కాకపోయినా, దక్షిణానికి దొరవారిసత్రం పక్కన నేలపట్టు పక్షుల చెరువు ఉంది, 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ పక్షులకి ఆ సంగతి ఎవరు చెప్పారు. అక్టోబర్ నుంచి మార్చి దాకా చెరువులో నీళ్ళ మధ్య నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి, కొమ్మ కొమ్మకీ గూడే, పిల్ల తల మొత్తం తల్లి నోటి సంచిలోకి దూర్చి చేప లాక్కుంటాది, వాచ్ టవర్ మీంచి చూస్తే తల్లిని మింగేస్తోందేమో అనిపిస్తాది. ఆ ఊరోళ్ళు తరతరాలుగా వాటిని రాయెత్తి కొట్టలేదు. రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు కయ్యకి పెడితే ఎరువు ఖర్చు తగ్గుతాదని వాళ్ళకి ఎవరూ క్లాసు చెప్పక ముందే తెలుసు. పులికాట్ సరస్సు ఫ్లెమింగోలకి పండగ చేస్తున్నారు, బాగానే ఉంది, ఆ పండగ అయిపోయిన మర్నాడు కూడా పక్షులు ఆడే ఉంటాయని మాత్రం ఎవరికీ గుర్తుండదు. సరస్సు ముఖద్వారాలు పూడిపోతుంటే జాలరోళ్ళు ఎన్నేళ్ళ నుంచో మొత్తుకుంటున్నారు, పండగ ఫ్లెక్సీల మీద ఆ మాట ఉండదు.

ఇంతకీ మా కంప్లైంట్ ఏందంటే, నేలపట్టు, పులికాట్ పక్కన పెడితే ఇవన్నీ విడివిడి స్పాట్లు కావు, ఒకే ఏరు. ఇది గుడోళ్ళది, ఇది ఇరిగేషనోళ్ళది, ఇది ఫారెస్టోళ్ళది అని ఫైళ్ళు ఎన్నన్నా ఉండొచ్చు, చూసే మనిషికి ఒక దారి ఉండాలి. మా డెస్కులో ఇద్దరు మొన్న ఆదివారం బైకులేసుకుని బయల్దేరారు. ఒక చోట (పేరు రాయం) గేటుకి తాళం, వాచ్‌మన్ టీకి పోయాడంట, గంట సేపు కూర్చున్నారు, ఆయన రాలేదు. ఇంకో చోట బాత్రూమ్ ఉంది, నీళ్ళు లేవు, పక్కన ఏరు మాత్రం నిండుగా పారతా ఉంది. దారి అడిగితే ముగ్గురు మూడు దిక్కులు చూపించారు.

చేతకాకనా? రొట్టెల పండగకి నెల్లూరు స్వర్ణాల చెరువు గట్టు మీదకి ఐదు రోజుల్లో లక్షల మంది వస్తారు, రాత్రికి రాత్రి బోర్డులు, మంచినీళ్ళు, బాత్రూమ్‌లు, బస్సులు, మెడికల్ క్యాంపులు, అన్నీ లేస్తాయి. చేయగలం, అవసరం అనుకుంటే.

అట్టాగని రిసార్టులు, గ్లాస్ బ్రిడ్జీలు, ఐ లవ్ పెన్న అని లైటు బోర్డులు, ఇవేవీ మేం అడగట్లేదు, దయచేసి అవి తేవద్దు. 2021 నవంబర్లో ఇదే ఏరు పడుగుపాడు దగ్గర హైవేని తెంచి రైళ్ళని ఆపేసింది, ఏటి ఒంట్లో కాంక్రీటు పోసేవాళ్ళు ఆ ఫోటోలు ఒకసారి తీసి చూసుకుంటే మంచిది. ఇసక తోడిన గుంటలకి ముందు కంచె వేయండి, ఈత రాని పిల్లలు దిగుతున్నారు. పొర్లుకట్ట (వరదకి అడ్డంగా వేసిన ఏటి గట్టు) మీద కంపచెట్లు కొట్టి నడిచే దారి ఇయ్యండి. ప్రతి చోటా తెలుగులో ఒక బోర్డు, చదివేంత సైజు అక్షరాలతో. ఊరోళ్ళలోనే ఇద్దరు కుర్రాళ్ళకి జీతమిచ్చి పెడితే కథ వాళ్ళే చెప్తారు.

ఇంకొకటి. ఆదివారం పొద్దున ఆరింటికి నెల్లూరు బస్టాండు నుంచి ఒక్క ఆర్టీసీ బస్సు, సంగం, జొన్నవాడ, రంగనాయకులపేట, పల్లిపాడు, మైపాడు, చీకటి పడేలోపు వెనక్కి. సంక్రాంతి సెలవుల నుంచి మూడు నెలలు తిప్పి చూడండి. సీట్లు ఖాళీగా పోతే మేం చెప్పింది తప్పని ఇదే చోట రాస్తాం.