పేరు తెలీకపోతే కేసు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

1968 మే 17న అమెరికాలోని కెంటకీలో, జార్జ్‌టౌన్ ఊరికి దగ్గర్లో హైవే పక్కన, బావులు తవ్వే పని చేసుకునే విల్బర్ రిడిల్‌కి టార్పాలిన్‌లో చుట్టి తాడుతో కట్టిన మూట ఒకటి కనపడింది. అందులో ఒక ఆడమనిషి శవం. ఎవరో ఎవరికీ తెలీలేదు, టెంట్ గర్ల్ అన్నారు, చివరికి సమాధి రాయి మీద కూడా అదే పేరు చెక్కారు, కింద ఎత్తు, బరువు, జుట్టు రంగు, వయసు సుమారు 16 నుంచి 19 అని.

ఆ వయసు తప్పు. ఆమెకి 24 ఏళ్లు, ఒక బిడ్డకి తల్లి. అంటే అన్నేళ్లూ వెతికినవాళ్లు తప్పిపోయిన టీనేజ్ పిల్లల లిస్టుల్లో వెతికారన్నమాట, అక్కడ దొరికే అవకాశమే లేదు. 30 ఏళ్ల తర్వాత ఆ ముడి విప్పింది డిటెక్టివ్ కాదు, టెన్నెసీలో ఫ్యాక్టరీ పని చేసుకునే టాడ్ మాథ్యూస్, ఆ రిడిల్ గారి అల్లుడే. మామగారి నోట విన్న కథ మనసులోంచి పోక, నెట్‌లో మిస్సింగ్ ప్రకటనలు తిరగేస్తూ తిరగేస్తూ 1998 జనవరిలో, 1967 చివర్లో లెక్సింగ్టన్‌లో కనపడకుండా పోయిన అక్క కోసం ఒకావిడ పెట్టిన నాలుగు లైన్లు చూశాడు. లెక్సింగ్టన్ నుంచి జార్జ్‌టౌన్‌కి కార్లో అరగంట కూడా పట్టదు. శవాన్ని తవ్వి తీసి డీఎన్‌ఏ టెస్ట్ చేస్తే ఆమే అని తేలింది.

దీన్ని తెలివైన కుర్రాడి కథలా చెప్తారు గానీ నాకు అలా అనిపించదు. ఒకచోట శవం ఫైలు, ఇంకోచోట తప్పిపోయిన మనిషి కోసం ఏడుస్తున్న ఇల్లు, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసే మనిషే 30 ఏళ్లు లేడు, అదీ అసలు విషయం. హత్య కేసులో ఈ లోటు మామూలు లోటు కాదు. చనిపోయింది ఎవరో తెలిస్తేనే కదా చివరిసారి ఎవరితో ఉంది, ఎవరికి భయపడింది, ఎవరు అబద్ధం చెప్తున్నారు అని అడగ్గలిగేది, పేరు లేనంతకాలం చంపినవాడు హాయిగా ఉంటాడు.

తర్వాత పద్ధతి మారింది. 2017లో మొదలైన డీఎన్‌ఏ డో ప్రాజెక్ట్ (అమెరికాలో పేరు తెలీని శవాన్ని ‘డో’ అంటారు) వాలంటీర్లు శవం డీఎన్‌ఏని వంశవృక్షాల సైట్లలో పెట్టి దూరపు చుట్టాల్ని పట్టుకుని, అక్కణ్ణుంచి మనిషి దాకా వస్తారు. 1981లో ఒహాయోలో దొరికిన, బక్‌స్కిన్ గర్ల్ అని పిలిచిన అమ్మాయి పేరు 2018లో అలాగే బయటపడింది. అన్నేళ్లూ వాళ్లమ్మ ఇల్లు మారలేదు, ఫోన్ నంబర్ మార్చలేదు, ఎప్పటికైనా కూతురు ఫోన్ చేస్తుందేమో అని. ఇది చదివాక రెండ్రోజులు నా మనసు మనసులో లేదు.

కానీ ఔత్సాహికుల వల్ల ప్రమాదం కూడా ఉంది, అది దాచకూడదు. ఫొటోలో ముక్కు కలిసిందని ఎవరో ఉత్సాహంగా అలా ఎదురుచూస్తున్న ఒక తల్లికి నేరుగా మెసేజ్ పెడితే, తీరా అది కాదని తేలితే, ఆమె కూతుర్ని రెండోసారి పోగొట్టుకున్నట్టే. అందుకే డో నెట్‌వర్క్ లాంటి పాత వాలంటీర్ బృందంలో ఎవరికైనా పోలిక దొరికితే ముందు సొంత ప్యానెల్ చూస్తుంది, తర్వాత పోలీసులకి పంపుతారు, కుటుంబం జోలికి వెళ్లరు. నా దృష్టిలో ఈ ఒక్క నియమం పాటించలేనివాళ్లు ఈ పనికి రాకూడదు.

ఇంకోటి, వంశవృక్షాల సైట్లలో ఎక్కువమంది యూరప్ మూలాల వాళ్లే, కాబట్టి నల్లజాతి, ఆదివాసీ బాధితుల పేర్లు దొరకడం కష్టం. దానికి తోడు 2019 మేలో జెడ్‌మ్యాచ్ అనే వంశవృక్షాల సైటు రూల్ మార్చి, ఒప్పుకున్నవాళ్ల డీఎన్‌ఏ మాత్రమే పోలీసుల వెతుకులాటకి ఇస్తామంది. సొంత డీఎన్‌ఏ మీద మనిషికి హక్కుంది, ఆ రూల్ సరైందే, కాకపోతే అప్పట్లో ఆ భారం కూడా పేరు లేనివాళ్ల మీదే పడింది.

కొన్నిసార్లు ల్యాబ్ కూడా అక్కర్లేదు. 2023 మేలో ఇంటర్‌పోల్ అనే అంతర్జాతీయ పోలీసు సంస్థ బెల్జియం, జర్మనీ, నెదర్లాండ్స్‌లో శవాలుగా దొరికిన, పేరు తెలీని 22 మంది ఆడవాళ్ల వివరాలు జనం ముందు పెట్టింది. అందులో 1992లో ఆంట్‌వెర్ప్‌లో నదిలో దొరికిన ఒకామె చేతి మీద టాటూ, ఆకుపచ్చ ఆకులతో నల్ల గులాబీ. బ్రిటన్‌లో ఉన్న ఆమె కుటుంబం వార్తలో ఆ గులాబీని చూసి గుర్తుపట్టింది, 31 ఏళ్ల తర్వాత. ఆ బొమ్మ అన్నేళ్లూ ఫైల్లోనే ఉంది, చూపించాల్సినవాళ్లకి చూపించలేదంతే.