గురువులకు జామీను, కుక్కలకు లైసెన్సు

ఐర్లండ్‌లో పీనల్ చట్టాల కాలం, అంటే ప్రొటెస్టంట్ పాలకులు క్యాథలిక్కులను చట్టాలతో అణచిన కాలం, అర్థం కావాలంటే చరిత్ర పుస్తకాలు తిరగేయడం కంటే రెండు లాబ్రడార్‌లను వెంటబెట్టుకుని అడవిలోకి వెళ్ళడమే మేలని, స్లైగో పట్టణం దగ్గరి టోబర్నాల్ట్ అనే పవిత్రమైన ఊటబావికి మిత్రుడి కుక్కలతో నడిచి వెళ్ళాక నాకు దృఢంగా అనిపించింది. గుడిలో ఆరాధనకు వీలులేని ఆ రోజుల్లో క్యాథలిక్ గురువులు చెట్ల చాటున, ఊటబావి పక్కన, ఒక బండనే బలిపీఠంగా చేసుకుని దివ్యపూజ (మాస్) జరిపేవారు. ఇలాంటి బండలను అక్కడ 'మాస్ రాక్' అంటారు.

1695 చట్టం ప్రకారం క్యాథలిక్కు దగ్గర 5 పౌండ్లు గానీ అంతకు మించి గానీ వెలచేసే గుర్రం ఉండకూడదు కనుక, ఆనాటి భక్తుల కాలినడకలో భక్తి ఎంతో, చట్టం ఎంతో తేల్చడం కష్టం. ఆ సంప్రదాయాన్ని మేము కార్ల పార్కింగు నుంచి తుచ తప్పకుండా పాటించాం.

ఇక నమోదు సంగతి. 1704లో ప్రతి గురువూ తన పేరు, వయసు, నివాసం, విచారణ (పారిష్) రాయించి, తలా 50 పౌండ్ల పూచీతో ఇద్దరు జామీనుదారులను చూపవలసి వచ్చింది; 1,089 మంది బుద్ధిగా రాయించుకున్నారు. 1709లో వాళ్ళనే, మనస్సాక్షి ఒప్పని ప్రమాణం ఒకటి చేయమన్నారు, చాలామంది చేయలేదు. నమోదు కాని గురువును పట్టించినవారికి 20 పౌండ్ల బహుమానం కూడా ప్రకటించారు. ఈనాడు ఆ శ్రద్ధంతా కుక్కల మీదికి మళ్ళింది: నాలుగు నెలలు నిండిన ప్రతి కుక్కకూ ఏటా 20 యూరోల లైసెన్సు, చర్మం కింద చిప్పు. పాలకులు మారారు, నాణెం మారింది, 20 మాత్రం చెక్కుచెదరలేదు. అయితే కుక్కను ఎవరూ ప్రమాణం చేయమనడం లేదు. ఇది నిస్సందేహంగా నాగరికతే.

అప్పట్లో సైనికుల రాకను కనిపెట్టడానికి కావలివాళ్ళను నిలిపేవారు. మా పెద్ద కుక్కకు గనక ఆ ఉద్యోగం ఇచ్చి ఉంటే, ఉడుత కనబడ్డ ప్రతిసారీ అది మొరిగిన మొరుగుడుకు ఆ చుట్టుపక్కల ఒక్క గురువూ మిగిలేవాడు కాదు. చిన్నది, బండ మొదట్లో కారి గడ్డకట్టిన కొవ్వొత్తి మైనాన్ని వాసన చూసి, ఒకసారి నాకి, తుమ్మింది. అందులో అనాదరం ఏమీ లేదని, 50 పౌండ్లకు కాకపోయినా, నేను పూచీ ఇవ్వగలను.

అంతలో ఒక పెద్దావిడ జపమాలతో వచ్చి, సిలువ గుర్తు వేసుకుని, నేనూ వేసుకుంటానేమోనని మర్యాదగా ఒక్క క్షణం ఆగింది. నా ఎడమ చేతిలో రెండు గొలుసులు, కుడి చేతిలో దారిలో చిన్నది కానిచ్చిన పని తాలూకు సంచీ ఉన్నాయి.