ప్రయోగశాల తాళంకప్పకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ తాళంకప్ప గారి సముఖమునకు, నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం నుంచి ఒక రొయ్యల రైతు కొడుకు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

తమరు నన్ను మరిచిపోయి ఉండవచ్చు. నేను ఒకానొక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో (పేరు చెబితే తక్కినవి చిన్నబుచ్చుకుంటాయి) ఎం.ఎస్సీ. చదివిన రోజుల్లో తమరు వైరస్‌ల వంటి క్రిముల ఆనవాళ్లు పట్టే పీసీఆర్ యంత్రం ఉన్న గది తలుపుకు వేలాడుతూ ఉండేవారు. ఆ యంత్రాన్ని నేను రెండేళ్లలో ఒక్కసారే చూశాను. తనిఖీ బృందం వస్తున్నదని తమరిని తప్పించి, యంత్రం మీద కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగు అలాగే ఉంచి, దానికి పసుపు కుంకుమ పెట్టిన రోజు అది. రసాయనాలకు డబ్బు లేక వాడటం లేదని, వాడకపోతే చెడిపోయే భయమూ లేదని మా అధ్యాపకులు ఒకరు వివరించారు. తమరికి మాత్రం అటెండరు ఏటా రెండు చుక్కలు కొబ్బరినూనె వేసేవాడు. ఆ గది మొత్తం మీద నిర్వహణ ఖర్చు అందుకున్నది తమరొక్కరే.

అదే ఏడాది మా నాన్న, గుంటలో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలే ముందు, రొయ్యలను చంపే తెల్లమచ్చల వైరస్ ఉందో లేదో చూపించడానికి పాలిథిన్ సంచిలో శాంపిల్ పట్టుకుని నెల్లూరులోని ప్రైవేటు ల్యాబుకు వెళ్లి, డబ్బు కట్టి, సాయంత్రం దాకా బల్ల మీద కూర్చునేవాడు. ఆ ల్యాబులోనిదీ పీసీఆర్ యంత్రమే.

ఆయన భయానికి కారణం ఉంది. 1990ల నడుమ ఆ వైరస్ మా కోస్తాలో టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టింది. 2009లో వెనామీ అనే విదేశీ రొయ్యను అనుమతించాక గాని గుంటలు తేరుకోలేదు. ఆ వెనామీ తల్లి రొయ్యలు హవాయి వంటి చోట్ల నుంచి విమానమెక్కి వచ్చి, చెన్నై దగ్గర నీలాంకరైలో క్వారంటైన్ ముగించుకుని పిల్లలను పుట్టించే మన హేచరీలకు చేరాయి. ఆ రోగరహిత వంశం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1980ల నడుమ నుంచి అమెరికా వ్యవసాయ శాఖ ఇచ్చిన సొమ్ముతో అక్కడి విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు కలిసి, ఏళ్ల తరబడి ఏరి, పరీక్షించి, పెంచి సాధించినది. వాటిలో అరిజోనా విశ్వవిద్యాలయం ఒకటి. తమరు గమనించాలి, అరిజోనా ఎడారి రాష్ట్రం, దానికి సముద్రమే లేదు. సముద్రం లేనివాళ్లు రొయ్య రోగాలకు ప్రయోగశాల పెట్టుకున్నారు. సముద్రాన్ని గుమ్మంలో పెట్టుకున్న మేము తమరిని కొనుక్కున్నాం.

ఒంగోలు గిత్త సంగతి ఎత్తితే మావాళ్లకు ఛాతీ ఉప్పొంగుతుంది కాబట్టి క్లుప్తంగా ముగిస్తాను. అది ఓడెక్కి బ్రెజిల్ చేరి, నెలోర్ అని మా ఊరి పేరే పెట్టుకుంది. అక్కడి సావో పాలో రాష్ట్రం (దేశం కాదు, రాష్ట్రం) తన పన్నుల రాబడిలో 1 శాతం పరిశోధనకు ఇచ్చి తీరాలని 1989 నాటి తన రాజ్యాంగంలోనే రాసుకుంది. ఆ రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలోనే మన గిత్త సంతతి మీద పరిశోధనలు సాగుతున్నాయి. మన దేశంలో అన్ని రకాల పరిశోధనకూ కలిపి పెట్టే ఖర్చు 2020-21లో స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం.

ప్రభుత్వానికెందుకీ తలనొప్పి, ప్రైవేటువారే చేస్తారు గదా అని తమరి పక్షం వహించే పెద్దలు అంటుంటారు. ఇప్పుడు మా గుంటలను పీడిస్తున్న ఈహెచ్‌పీ అనే సూక్ష్మక్రిమి సంగతే తీసుకుందాం. రొయ్య చావదు, ఎదగదు. మేత మాత్రం తింటుంది. దీనికి మందులంటూ అంగళ్లలో డబ్బాలు వరుసలు తీరి ఉన్నాయి. వాటిలో ఏది పనిచేస్తుందో, ఏది ఉత్త సున్నమో, డబ్బా అమ్ముకునేవాడిని అడిగి ప్రయోజనం ఏముంది? అమ్మకంతో సంబంధం లేని ప్రయోగశాల చెప్పాలి. నెల్లూరు వరి పరిశోధన కేంద్రం నుంచి నెల్లూరు మసూరి, అదే ఎన్ఎల్ఆర్ 34449, వచ్చిందంటే అక్కడ తలుపులు తీసి పెట్టి, జీతాలిచ్చి, మళ్లకు నీళ్లు పెట్టారు కాబట్టే వచ్చింది. ఆ సదుపాయం రొయ్యకు కల్పించమని అడగటం గొంతెమ్మ కోరిక అవుతుందా?

అసలు విషయానికి వస్తాను. మా తమ్ముడి గుంటలో తొంభై రోజులైనా రొయ్య ఎదిగి కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) రావడం లేదు. సోమవారం ఉదయం పది రొయ్యలను థర్మోకోల్ పెట్టెలో ఐసు వేసి తమరి వద్దకే తెస్తున్నాను. మా అధ్యాపకులు పదవీ విరమణ చేశారు; స్టోర్సులో అడిగితే తాళంచెవి ఆఫీసులో ఉందన్నారు, ఆఫీసులో అడిగితే స్టోర్సులో ఉందన్నారు. అది ఎవరి దగ్గర ఉన్నదో ఐసు కరిగేలోగా సెలవియ్యగలరు.

ఇట్లు,
తమరి ఎదుట రెండేళ్లు నిలబడిన పూర్వ విద్యార్థి