సులువూ కావాలి, మలచుకునే వీలూ కావాలి

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఏ డీటీపీ దుకాణంలోనైనా కాసేపు కూర్చుంటే సరిహద్దు జిల్లాల కంప్యూటరు అవసరం ఏమిటో అర్థమవుతుంది. తెలుగు శుభలేఖ ప్రూఫు పూర్తికాకముందే, తహసీల్దారుకు ఒడియాలో అర్జీ టైపు చేయాలంటూ మరొకరు వస్తారు. 1936లో ఒడిశా ఏర్పడ్డాక పాలన భాష మారింది గానీ ఇంటి భాష మారలేదు. మహారాష్ట్రలోని సిరొంచ, దెగ్లూరులలో ఒడియా స్థానంలో మరాఠీ ఉంటుంది, అంతే తేడా.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 (భద్రతా చిప్) వంటి షరతుల వల్ల విండోస్ 11కు నోచుకోని పాత యంత్రాలను అటకెక్కించే బదులు విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌తో నడిపించాలన్నది మా అభిప్రాయం. అయితే లినక్స్‌లో మింట్, ఉబుంటు, ఆర్చ్ వంటి రకాలున్నాయి. వాటిలో ఏది?

మింట్‌లో మెనూ విండోస్ అలవాటున్న చేతికి ఎడమ మూలనే దొరుకుతుంది. అందులోని ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ కూర్పు తక్కువ మెమరీతోనూ నడుస్తుంది. ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) కూర్పులకు ఐదేళ్లపాటు ఉచితంగా భద్రతా అప్‌డేట్లు అందుతాయి. ఆర్చ్‌లో ప్రతి భాగాన్నీ మనమే ఎంచుకుని అమర్చుకోవచ్చు. నేర్చుకోవాలన్న పట్టుదల గల విద్యార్థికి అది మంచి బడే కానీ, ఒక్కరు తమకు నచ్చినట్టు మలచిన యంత్రం మొరాయిస్తే ఊళ్లో మరొకరు సరిచేయలేరు కాబట్టి, బడి ల్యాబుకూ సేవా కేంద్రానికీ దాన్ని మేము సూచించం.

మన ప్రాంతానికి అసలైన వెసులుబాటు కీబోర్డులో ఉంది. భారతీయ లిపులకు ఒకే తీరులో రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో తెలుగు 'క' పడే మీటే ఒడియా 'క'కూ, మరాఠీ రాసే దేవనాగరి 'క'కూ పనికొస్తుంది. ఒక లిపిలో వేళ్లకు అలవాటైతే రెండోది సగం వచ్చినట్టే. ఉబుంటు సెట్టింగుల్లో రెండు లిపులనూ ఒకసారి చేర్చుకుంటే, విండోస్ గుర్తున్న మీటతో స్పేస్‌బార్ నొక్కి ఒకదాని నుంచి మరొకదానికి మారవచ్చు.

అడ్డంకి లేకపోలేదు. అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర ప్రమాణమైన యూనికోడ్ కాని పాత ఫాంట్లలో ఏళ్ల తరబడి దాచుకున్న శుభలేఖల, కరపత్రాల ఫైళ్లు లినక్స్‌లో నేరుగా తెరిస్తే అక్షరాలు అక్షరాల్లా కనిపించవు. ఆ పనికి ఒక పాత విండోస్ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా విడిగా ఉంచుకుని, కొత్త పనంతా యూనికోడ్‌లో మొదలుపెట్టడం మేలు. ఇన్‌స్టాల్ చేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్‌ను నడిపి, రెండు లిపుల్లోనూ ఒక్కో అర్జీ టైపు చేసి, దుకాణంలోని ప్రింటరు మీదే ముద్రించి చూడాలి.