47వ నేరం, ఒక గులాబీ రంగు చొక్కా, కొంచెం సంతాపం

పెద్దల మాటకే కాదండీ, పాత చట్టాలకి కూడా విలువ లేని రోజులొచ్చాయి. కరీబియన్ దేశాల లెక్కలోకొచ్చే గయానాలో 125 ఏళ్ళ వయసున్న ఒక ముచ్చటైన చట్టాన్ని కోర్టు కొట్టేస్తే ఇటువైపు ఒక్కరూ అయ్యో అనలేదు, సరే ఆ పని నేనే చేద్దామని కూర్చున్నా.

1893లో తెల్లదొరలు రాసిపెట్టారు దాన్ని. వీధిలో చేసే చిల్లర నేరాల లిస్టులో 47వది, మగవాడు ఆడబట్టల్లో గానీ ఆడమనిషి మగబట్టల్లో గానీ "అనుచితమైన ఉద్దేశంతో" నలుగురిలో కనపడితే నేరం. ఎంత ఉదారమో చూడండి, బట్ట తప్పు కాదట, ఉద్దేశం తప్పట. మరి స్కర్టులో ఉద్దేశం ఎక్కడుంటుందీ, కుచ్చిళ్ళలోనా బొందు దగ్గరా, అది మాత్రం రాయలేదు, అన్నీ వాళ్ళే రాసేస్తే పోలీసాయనకి పనేముంటుంది పాపం.

2009 ఫిబ్రవరిలో గయానా రాజధాని జార్జ్‌టౌన్ పోలీసులు ఆ ఉద్దేశాన్ని పట్టేసుకున్నారు. ఒకరి ఒంటిమీద గులాబీ రంగు చొక్కా, టైట్స్. ఇంకొకరు స్కర్టూ స్లిప్పర్లూ. మరో ఇద్దరివి స్కర్టులూ విగ్గులూ. చొక్కా మగాళ్ళదే కదా, స్లిప్పర్లు అందరూ వేసుకునేవే కదా అంటారా, అందుకే మీరు పోలీసు కాలేదు. ఆ ట్రాన్స్ మహిళల్ని వీకెండంతా లాకప్‌లో ఉంచి, కేసేంటో కోర్టుకెళ్ళేదాకా చెప్పలేదు. మేజిస్ట్రేటు గారు 7,500 గయానా డాలర్లు జరిమానా వేసి (ఒకరికి మాత్రం 19,500, ఆ స్కర్టు మరీ ప్రమాదకరం కాబోలు), మీరు కన్ఫ్యూజన్‌లో ఉన్నారు, చర్చికెళ్ళి జీవితం ఏసుకి అప్పగించండి అని సలహా కూడా ఇచ్చారు, దానికి ఎక్స్‌ట్రా తీసుకోలేదు.

అక్కడితో ఊరుకోవచ్చుగా? 2003లో గయానా యూనివర్సిటీ స్టూడెంట్లు మొదలెట్టిన సాసోడ్ అనే గే, ట్రాన్స్ వాళ్ళ హక్కుల సంఘం వీళ్ళతో కలిసి కేసేసింది. ఇక గౌన్లేసుకున్న పెద్దమనుషులంతా కోర్టుల్లో నిలబడి ఎవరు ఏ బట్టలేసుకోవాలో ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. 2013లో హైకోర్టు, ఉత్తినే వేసుకుంటే నేరం కాదు, అనుచిత ఉద్దేశం ఉంటేనే నేరం అంది, అంటే మళ్ళీ మొదటికే. పైగా స్వాతంత్ర్యానికి ముందునుంచీ ఉన్న చట్టం కాబట్టి రాజ్యాంగం దాని జోలికి పోకూడదట. 1893లో ఆరేసిన మడిబట్ట అన్నమాట, ఎంత చిరిగినా ముట్టుకోకూడదు. ఆ చుట్టుపక్కలే ఉన్న ట్రినిడాడ్‌లో అయితే గే సంబంధాల మీదున్న సెక్షన్లని 2018లో ఒక జడ్జి తీసేస్తే, 2025 మార్చిలో అప్పీల్ కోర్టు ఇదే మడి పేరు చెప్పి మళ్ళీ తెచ్చి పెట్టింది.

గయానా అదృష్టం అంత బాలేదు. 2018 జూన్‌లో జార్జ్‌టౌన్ రోడ్లమీద మొదటిసారి గే, ట్రాన్స్ వాళ్ళ ఊరేగింపు, అదే ప్రైడ్ పెరేడ్, నడిచింది, 47వ నేరం ఇంకా బతికుండగానే, ఎంత ధైర్యం! నవంబర్ 13న గయానాకి ఆఖరి అప్పీల్ కోర్టయిన కరీబియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్, ఈ ఉద్దేశం అంటే ఏంటో ఎవరికీ అర్థం కాదు, ఇది రాజ్యాంగానికి విరుద్ధం అని కొట్టేసి, మేజిస్ట్రేటు గారి చర్చి సలహాకి కూడా అక్షింతలేసింది.

మనమేం తక్కువ తినలేదు లెండి. నిజాం హయాంలో 1919లో వచ్చిన చట్టం ప్రకారం హిజ్రాలు సర్కారు రిజిస్టర్లో పేర్లు రాయించుకోవాలి, ఆడబట్టల్లో, నగలేసుకుని వీధిలో కనపడితే వారెంట్ లేకుండా అరెస్టే. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దాన్ని కొట్టేసింది, 104 ఏళ్ళు. ఇంకో 21 ఏళ్ళు ఓపిక పడితే గయానా రికార్డు సమం చేసేవాళ్ళం.

నన్ను ఓదార్చే సంగతి ఒక్కటుంది, మగవాళ్ళ మధ్య సెక్స్‌కి జీవితఖైదు దాకా వేసే సెక్షన్ గయానా పుస్తకంలో కొట్టేయకుండా అలాగే ఉంది. అంటే స్కర్టులో రోడ్డుమీద తిరగొచ్చు, ఇంటికెళ్ళాకే జాగ్రత్తగా ఉండాలి. సరే, సంతాపసభకి ఎవరి బట్టలేసుకొచ్చినా పర్లేదు, ఉద్దేశాలు మాత్రం చెప్పుల పక్కన విడిచి రండి.