గన్ బరువు తగ్గిస్తే ఆ తన్నుడు ఎక్కడికి పోతుంది?

కొత్త రైఫిల్ ఏది వచ్చినా ముందు బరువు చెప్తారు, పాతదానికంటే ఇంత తక్కువ అని, వెంటనే రికాయిల్, అంటే కాల్చగానే గన్ వెనక్కి తన్నే దెబ్బ, అది కూడా తగ్గించాం అంటారు. ఈ రెండు మాటలు పక్కపక్కన కనిపిస్తే నేను అక్కడే ఆగిపోతా. ఎందుకంటే ఈ రెండింటికీ అస్సలు పడదు. గన్ తేలికైతే గట్టిగా తన్నాలి, తన్నట్లేదంటే ఆ దెబ్బని ఇంకెక్కడికో పంపించారనే అర్థం, ఎక్కడికి పంపించారో తెలుసుకోకుండా మెచ్చుకోవడం నాకు చేతకాదు.

లెక్క చిన్నదే. సైన్యాల రైఫిళ్లలో వాడే 5.56 మి.మీ. తూటా బరువు 4 గ్రాములు, సెకనుకి 900 మీటర్ల పైనే పోతుంది, దాని వెనకే ఎగదన్నుకొచ్చే గ్యాస్‌ని కూడా కలుపుకుంటే గన్ మీద వెనక్కి పడే మొమెంటం సుమారు 6 న్యూటన్ సెకన్లు. రైఫిల్ 3.5 కిలోలుంటే ఎనర్జీ 5 జౌల్స్ చిల్లర వస్తుంది, 2.5 కిలోలకి దించితే 7 దాటిపోతుంది. అదే తూటా, అదే మందు, దెబ్బ మాత్రం 40 శాతం ఎక్కువ. ఆ 6 న్యూటన్ సెకన్లని ఏ స్ప్రింగూ, దెబ్బని మెత్తబరిచే ఏ బఫరూ మాయం చేయలేదు. కాస్త ఎక్కువ టైమ్ మీద పరిచి ఇవ్వచ్చు, లేదంటే గ్యాస్‌ని వేరే దిక్కుకి తిప్పచ్చు.

పరచడం ఎలాగంటే, ఆటోమేటిక్ గన్‌లో తూటాని బ్యారెల్‌లోకి తోసే బోల్ట్ వెనక్కి దూసుకొచ్చి, దాన్ని మోసే పెట్టె లాంటి రిసీవర్ వెనక గోడకి ఠప్పున కొట్టుకుంటుంది, వరసగా కాల్చేటప్పుడు గురి చెదరగొట్టేది చాలావరకు ఆ దెబ్బే. సింగపూర్ వాళ్ల అల్టిమాక్స్ 100 లో బోల్ట్‌ని ఆ గోడ దాకా రానివ్వరు, పొడుగాటి దారి ఇచ్చి స్ప్రింగ్ తోనే మెల్లగా ఆపేస్తారు, అందుకే 5 కిలోల లోపు మెషిన్ గన్ అయినా చేతిలో నిలుస్తుంది. ఎంత బాగుందో! కానీ బోల్ట్ అంత దూరం పోయి రావాలంటే రిసీవర్ పొడుగవ్వాలి, కాల్చే వేగం కూడా తగ్గుతుంది. అమెరికా ఎక్స్‌ఎం806 మెషిన్ గన్‌తో పడిన తిప్పలు కూడా ఇవే. 1930ల నుంచి వాడుతున్న 38 కిలోల ఎం2 హెవీ మెషిన్ గన్‌కి బదులుగా సగం బరువుతో, మెత్తటి రికాయిల్‌తో చేశారు, తీరా చూస్తే కాల్చే వేగం కూడా సుమారు సగానికి పడిపోయింది, చివరికి 2012లో దాన్ని పక్కన పెట్టి పాత ఎం2 నే మెరుగుపరిచి ఉంచుకున్నారు.

రష్యా వాళ్లు ఇంకో దారి పట్టారు. ఏఎన్-94 రైఫిల్‌లో మొదటి తూటా పేలగానే బ్యారెల్ తో సహా లోపలి భాగమంతా వెనక్కి జారుతుంది, అది చివరికి చేరేలోపే రెండోది కూడా పేలిపోతుంది, నిమిషానికి 1800 చొప్పున, అంటే భుజానికి దెబ్బ తెలిసేసరికి రెండు తూటాలూ వెళ్లిపోయి ఉంటాయి. ఐడియా అద్భుతం, కాదనను. కానీ ఆ వేగానికి తూటా అందించడానికి లోపల ఒక చిన్న కప్పీ, దాని మీద స్టీల్ తీగ పెట్టాల్సొచ్చింది. దుమ్ములో, చలిలో, నిద్ర లేని మనిషి దాన్ని విప్పి తుడిచి మళ్లీ బిగించాలి. వాళ్ల సైన్యం రైఫిల్ ఏకే-74 స్థానంలోకి రావాల్సిన గన్ అది, రాలేకపోయింది.

ఫిరంగుల్లోనూ ఇదే గొడవ. అమెరికా పాత ఫిరంగి ఎం198 ఏడు వేల కిలోల పైమాటే, టైటానియంతో చేసిన ఎం777 సుమారు 4,200, పేల్చే షెల్ మాత్రం అదే 43 కిలోలు. మరి ఎగిరిపడకుండా ఉండాలంటే గన్‌ని నేలకి దగ్గరగా దించి, వెనక కాళ్లని మట్టిలోకి దిగ్గొట్టాలి, ముందుకీ కాళ్లు చాపాలి. ఇక్కడ మోసేది నేల కాబట్టి నాకు పెద్దగా అభ్యంతరం లేదు.

నా అభ్యంతరమంతా బ్యారెల్ మూతికి బిగించే మజిల్ బ్రేక్ మీదే. తేలికైన గన్‌కి చవకగా దొరికే మందు అదే, కొన్ని గ్రాముల ముక్క, పక్కకీ వెనక్కీ కోసిన రంధ్రాలు, గ్యాస్ అటు కొట్టడంతో గన్ కాస్త ముందుకి లాగబడుతుంది, భుజానికి హాయిగా ఉంటుంది. ఆ గ్యాస్ తోపాటు శబ్దం కూడా వెనక్కే వస్తుంది కదా. ఇలాంటి ఒక్కసారి పేలే శబ్దానికి 140 డెసిబెల్స్ దాటితే చెవికి ప్రమాదం అంటారు, మామూలు రైఫిలే 150 దాటేస్తుంది, బ్రేక్ పెడితే పక్కన పడుకుని కాల్చే మనిషికి ఇంకా ఎక్కువ పడుతుంది. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటివి ఉన్న కణాలు ఒకసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు. భుజం నొప్పి రెండు రోజుల్లో తగ్గుతుంది, చెవిలో గుయ్యిమనే ఆ మోత జన్మంతా ఉండిపోవచ్చు. బ్యారెల్ మూతికి సప్రెసర్ అనే శబ్దం అణిచే గొట్టం పెడితే మోత తగ్గుతుంది నిజమే, కానీ గన్ ముందువైపు బరువెక్కుతుంది, గ్యాస్ లోపలికి తిరిగొచ్చి కాల్చేవాళ్ల కళ్లలో కొడుతుంది.

అందుకే ఆ అర కిలో గన్‌లోనే ఉంచేయండి అంటాను నేను. కాదు తగ్గించే తీరతాం అంటే, స్పెక్ షీట్‌లో బరువు రాసిన లైన్ కిందే పక్క మనిషి చెవి దగ్గర కొలిచిన డెసిబెల్స్ కూడా రాయండి.